వాల్వు రేడియోల సేకరణ, పునరుద్ధరణ

(ప్రపంచ రేడియో దినోత్సవం సందర్భంగా ఒక గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఏటా ఫిబ్రవరి 13న రేడియో కార్యక్రమాల గురించీ, అనౌన్సర్ల గురించీ, నాటకాల గురించీ సభలు జరుగుతుంటాయి. అవి జరగవలసినవే. అయితే ఆ గొంతులను మన ఇళ్ళలోకి మోసుకొచ్చిన యంత్రం గురించి మాట్లాడుకునే సందర్భాలు చాలా తక్కువ. ఇవాళ ఆ యంత్రానికే ఒక సాయంత్రం కేటాయించినందుకు గ్రంథాలయ నిర్వాహకులకు నా కృతజ్ఞతలు. ట్రాన్సిస్టర్లు మన ఇళ్ళను ఆక్రమించకముందు, అంటే సుమారుగా 1930ల నుంచి 1960ల చివరి దాకా, ఇళ్ళలోనూ హోటళ్ళలోనూ పంచాయతీ ఆఫీసుల్లోనూ పలికిన వాల్వు రేడియో ఇవాళ్టి విషయం. వాల్వు అంటే గాలి తీసేసిన గాజు బుడ్డిలో, ఫిలమెంటు వేడితో, తర్వాత ట్రాన్సిస్టరు చేసిన పనినే చేసే భాగం. దాన్ని ఎలా ఎంచుకోవాలి, ఎలా బాగుచేసుకోవాలి, ఇంట్లో ప్రమాదం లేకుండా ఎలా వినాలి అన్నవి నాకు తెలిసినంతలో వివరిస్తాను.

అన్నిటికంటే ముందు నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి. ఈ మధ్య పాత రేడియోలకు గిరాకీ పెరిగింది. చాలామంది కొంటున్నారు. కొన్నవారిలో కొందరు పెట్టెను మాత్రం ఉంచుకుని, భాగాలన్నీ బిగించిన ఇనుప చట్రాన్ని, అంటే లోపలి ఛాసిస్‌ను పీకి పాత ఇనుము కింద తూకానికి వేసి, ఆ ఖాళీలో ఒక బ్లూటూత్ స్పీకరును అమర్చి, హాల్లో అలంకారంగా పెట్టుకుంటున్నారు. వారి డబ్బు, వారి ఇష్టం అనవచ్చు. కానీ అలా చేసిన ప్రతిసారీ ఒక రేడియో శాశ్వతంగా పోతోంది. పెట్టెను వడ్రంగి మళ్ళీ చేయగలడు. ఛాసిస్‌ను, అందులోని కాయిళ్ళను, స్టేషన్లు మార్చే గ్యాంగ్ కండెన్సరును, ఆ సెట్టు కోసమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్లను మళ్ళీ చేసేవారు లేరు. రేడియో అంటే ఛాసిస్. దాన్ని కాపాడుతూ, అది పలికేలా చేయడానికి ఎంత అవసరమో అంతే మార్చి, మార్చినది కూడా వెనక్కి తీసేయడానికి వీలుగా ఉంచడమే పునరుద్ధరణ అని నేను నమ్ముతాను. ఇక మీదట నేను చెప్పే పద్ధతులన్నీ ఈ నమ్మకం నుంచి వచ్చినవే.

మన ప్రాంతపు రేడియోల గురించి కొద్దిగా చెప్పుకుందాం. తెలుగువారికి రేడియో రెండు దారుల్లో వచ్చింది. హైదరాబాదు సంస్థానంలో 1935లో దక్కన్ రేడియో మొదలైంది. కోస్తా, రాయలసీమ జిల్లాల వారికి 1938 జూన్‌లో ప్రారంభమైన మద్రాసు కేంద్రమే చాలాకాలం దిక్కు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాక తెలుగు కార్యక్రమాలు దగ్గరి నుంచి, బలమైన సిగ్నలుతో వినిపించడం సాధ్యమైంది. రేడియో సెట్టు కొనడం అప్పట్లో చిన్న విషయం కాదు. మధ్యతరగతి కుటుంబాలు ఎన్నో నెలలు పోగుచేసి కొనేవారు. కొన్నాక పోస్టాఫీసులో లైసెన్సు తీసుకుని ఏటా రుసుము కట్టాలి. ఆ నిబంధన 1980ల మధ్య దాకా ఉంది. విద్యుత్తు లేని ఊళ్ళలో పెద్ద డ్రై బ్యాటరీలతో నడిచే సెట్లు ఉండేవి. వాటిలో వాల్వులను వేడిచేసే ఫిలమెంట్లకు సుమారు ఒకటిన్నర వోల్టు, ఆ వేడికి వెలువడే ఎలక్ట్రాన్లను లాగే ప్లేట్లకు 90 వోల్టులు ఇచ్చే బ్యాటరీ ప్యాకులు వాడేవారు. ఇప్పుడు అలాంటి బ్యాటరీ దొరకదు కనుక ఆ సెట్లు చౌకగా వస్తాయి. 9 వోల్టుల చిన్న బ్యాటరీలు పదింటిని వరుసగా కలిపితే అదే 90 వోల్టులు వస్తాయని తెలిసినవారు వాటిని హాయిగా వింటున్నారు.

మన సంతల్లో ఎక్కువగా కనబడేవి మర్ఫీ, ఫిలిప్స్, బుష్, హెచ్ఎంవీ, జీఈసీ, టాటా వారి నెల్కో సెట్లు. మర్ఫీ కంపెనీ 1929లో ఇంగ్లండులోని వెల్విన్ గార్డెన్ సిటీలో పుట్టింది. తర్వాత మన దేశంలో బొంబాయి దగ్గర ఠాణాలో తయారీ సాగింది. క్యాలెండర్ల మీద వేలు నోటిదగ్గర పెట్టుకున్న మర్ఫీ పాప బొమ్మ పెద్దవారందరికీ గుర్తుండే ఉంటుంది. ఫిలిప్స్ సెట్లు కలకత్తాలో తయారయ్యేవి. వాల్వులను మొదట్లో దిగుమతి చేసుకునేవారు. 1961 నుంచి బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ రేడియో వాల్వులను తయారుచేయడం మొదలుపెట్టింది. కనుక 1960ల సెట్టు వెనక మూత తీస్తే గాజు మీద బీఈఎల్ అని ముద్ర ఉన్న వాల్వులు కనిపించడం మామూలే. వాటిని విదేశీ వాల్వులకంటే తక్కువగా చూడనవసరం లేదు. చక్కగా పనిచేస్తాయి.

సెట్టు లోపల ఏం జరుగుతుందో తెలియకుండా మరమ్మతు మొదలుపెట్టకూడదు. కనుక దానికి కొంచెం సమయం తీసుకుంటాను. ఈ సెట్లు దాదాపుగా అన్నీ సూపర్‌హెటిరోడైన్ పద్ధతిలో పనిచేస్తాయి. 1918లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రూపొందించిన పద్ధతి ఇది. విజయవాడ కేంద్రాన్నే తీసుకోండి. దాని ఫ్రీక్వెన్సీ 837 కిలోహెర్ట్జ్. మీరు ముల్లును అక్కడికి తిప్పినప్పుడు, సెట్టులోని మొదటి వాల్వు తనలోనే 1292 కిలోహెర్ట్జ్ తరంగాన్ని పుట్టించి, ఏరియల్ మీద వచ్చిన దానితో కలుపుతుంది. రెంటికీ తేడా 455. హైదరాబాదు కేంద్రం 738 దగ్గర ఉంది. అక్కడికి తిప్పితే లోపలి తరంగం 1193కు మారుతుంది. తేడా మళ్ళీ 455 మాత్రమే. అంటే ఏ స్టేషన్ పెట్టినా లోపలికి చేరేసరికి అది ఒకే ఫ్రీక్వెన్సీగా మారుతుంది. దాన్నే మధ్యంతర ఫ్రీక్వెన్సీ, మెకానిక్కుల మాటలో ఐ.ఎఫ్. అంటారు. ఆ ఒక్క ఫ్రీక్వెన్సీకే శ్రుతిచేసిన కాయిళ్ళు మిగతావన్నీ వడకట్టేస్తాయి. చిన్న అల్యూమినియం డబ్బాల్లో ఉండే ఆ కాయిళ్ళ మరలను, సిగ్నల్ జనరేటరు లేకుండా, ఊరికే స్క్రూడ్రైవరుతో తిప్పి చూడవద్దని గట్టిగా చెబుతున్నాను. యాభై అరవై ఏళ్ళ కిందట ఫ్యాక్టరీలో చేసిన శ్రుతి చాలా సెట్లలో ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అది పాడయ్యేది తెలియని చేతుల వల్లనే.

యూరోపియన్ వాల్వుల పేర్లలో ఒక చక్కని ఏర్పాటు ఉంది. అది తెలిస్తే సంతలో నిలబడి, పుస్తకం లేకుండానే సెట్టు స్వభావాన్ని చెప్పవచ్చు. మొదటి అక్షరం ఫిలమెంటు సంగతి చెబుతుంది. ‘ఈ’ అంటే 6.3 వోల్టులు, ‘యు’ అంటే 100 మిల్లీఆంపియర్ల సీరీస్ ఫిలమెంటు, ‘డి’ అంటే 1.4 వోల్టుల బ్యాటరీ వాల్వు. తర్వాతి అక్షరాలు లోపలి నిర్మాణాన్ని చెబుతాయి. ‘సి’ అంటే మూడు ఎలక్ట్రోడ్ల ట్రయోడ్, ‘ఎఫ్’ అంటే ఐదు ఎలక్ట్రోడ్ల పెంటోడ్, ‘ఎల్’ అంటే స్పీకరును నడిపే శక్తిమంతమైన పెంటోడ్, ‘ఎమ్’ అంటే స్టేషన్ కుదిరిందో లేదో వెలుగుతో చూపే మ్యాజిక్ ఐ, ‘వై’, ‘జెడ్’ అంటే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు. అంకెల్లో 80 వరస తొమ్మిది పిన్నుల చిన్న వాల్వులు, 40 వరస ఎనిమిది పిన్నుల రిమ్‌లాక్ వాల్వులు. కాబట్టి వెనక మూత సందులోంచి ఈసీహెచ్ 81, ఈబీఎఫ్ 89, ఈఎల్ 84, ఈజెడ్ 80 అన్న పేర్లు కనబడితే అది మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు ఉన్న ఏసీ సెట్టు. యూసీహెచ్ 81, యూఎల్ 84, యూవై 85 అని కనబడితే అది ట్రాన్స్‌ఫార్మరు లేని ఏసీ-డీసీ సెట్టు. ఈ తేడా కేవలం తెలివితేటల విషయం కాదు. ప్రాణాలకు సంబంధించినది.

ఎందుకో చెబుతాను. ఆ రోజుల్లో కలకత్తా వంటి నగరాల్లో కొన్ని పేటలకు డీసీ విద్యుత్తే సరఫరా అయ్యేది. డీసీ మీద ట్రాన్స్‌ఫార్మరు పనిచేయదు. అందుకని వాల్వుల ఫిలమెంట్లన్నిటినీ వరసగా కలిపి నేరుగా కరెంటు ఇచ్చేవారు. యూసీహెచ్ 81కు 19 వోల్టులు, యూబీఎఫ్ 89కు 19, యూఏబీసీ 80కు 28, యూఎల్ 84కు 45, యూవై 85కు 38, అన్నీ కలిపితే 149 వోల్టులు. మెయిన్స్ 230లో మిగిలిన 80 వోల్టుల చిల్లరను ఒక లావుపాటి రెసిస్టరు వేడి రూపంలో ఖర్చుచేస్తుంది. చవకైన, తేలికైన ఏర్పాటు. కానీ ఇందులో మెయిన్స్ తీగల్లో ఒకటి సరాసరి ఛాసిస్‌కు కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే రేడియో ఇనుప చట్రం మొత్తం 230 వోల్టుల మీద ఉంటుంది. గుండీ ఊడిపోయి ఇనుప కడ్డీ బయటపడితే, దాన్ని ముట్టుకున్నవారికి షాకు తప్పదు. ఇలాంటి సెట్టును బాగుచేసేటప్పుడు దాన్ని మెయిన్స్ తీగల నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. గుండీలన్నీ ఉండాలి, వెనక అట్టమూత బిగించి ఉండాలి, పిల్లలకు అందకూడదు. కొత్తగా ఈ వ్యాపకంలోకి వస్తున్నవారు మొదటి సెట్టుగా ఏసీ-డీసీ సెట్టును కొనవద్దనే నా సలహా.

ఇక కొనడం. హైదరాబాదులో జుమ్మెరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారం సంత, బొంబాయిలో చోర్ బజారు వంటి చోట్ల ఇవి ఇంకా కనబడుతున్నాయి. అయితే సంతలో దొరికేవాటికంటే బంధువుల ఇళ్ళ అటకల మీదివి నయం. అవి ఎవరి చేతుల్లోనూ పడకుండా, ఉన్నవి ఉన్నట్టుగా ఉంటాయి. చూడవలసినవి మూడే అనుకోండి: డయల్ గాజు పగలకుండా ఉందా, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిన వాసన లేకుండా ఉన్నాయా, పెట్టెను చెదలు లోపలి నుంచి తినేయలేదు కదా. వాల్వు పోతే దొరుకుతుంది. కెపాసిటర్లు ఎలాగూ మార్చాలి. గాజు పగిలితే మాత్రం అలాంటి ఇంకో సెట్టు దొరికేదాకా ఆగవలసిందే. వెనక భాగంలో ఎలుకలు గూడు కట్టి ఉంటే తీగల తొడుగులు కొరికేసి ఉంటాయి, వాటి మూత్రంతో ఛాసిస్ తుప్పు పట్టి ఉంటుంది. కోస్తా ఊళ్ళ ఉప్పుగాలి కూడా అదే పని చేస్తుంది. అమ్మేవాడు ‘నడుస్తుంది సార్’ అంటూ ప్లగ్గు పెట్టబోతే ఆపండి. దశాబ్దాల తర్వాత మొదటిసారిగా ఒక్కసారిగా 230 వోల్టులు ఇవ్వడమే పాత రేడియోకు మనం చేయగల అతి పెద్ద కీడు.

దీని కారణం కాస్త లోతుగా చూడాలి, ఎందుకంటే మొత్తం పునరుద్ధరణలో ముఖ్యమైనది ఇదే. ఆనాటి కెపాసిటర్లు, మన మెకానిక్కులు కండెన్సర్లనేవి, కాగితమూ లోహపు రేకూ చుట్టచుట్టి మైనంలోనో నల్లటి తారులోనో ముంచి చేసినవి. కాలం గడిచేకొద్దీ ఆ కాగితం తేమ పీల్చుకుంటుంది, లోపల ఆమ్లం పుడుతుంది, డీసీని అడ్డుకోవలసిన కెపాసిటరు దాన్ని కొద్దికొద్దిగా కారనిస్తుంది. అన్నిటికంటే కీలకమైనది ఒకటుంది. మొదటి ఆడియో వాల్వు ప్లేటు నుంచి చివరి వాల్వులో కరెంటును అదుపుచేసే గ్రిడ్డుకు శబ్దాన్ని అందించే కప్లింగ్ కెపాసిటరు. అది చిటికెన వేలంత కూడా ఉండదు. ప్లేటు మీద 80 వోల్టులు ఉన్నాయనుకుందాం. గ్రిడ్డు దగ్గర ఒక మెగ్‌ఓమ్ రెసిస్టరు ఉంటుంది. కెపాసిటరు మంచి స్థితిలో ఉంటే గ్రిడ్డు మీద సున్నా. అదే కెపాసిటరులో 9 మెగ్‌ఓమ్‌ల లీకేజీ ఏర్పడితే, మామూలు మీటరుతో చూసినప్పుడు అది దాదాపు బాగున్నట్టే కనబడుతుంది, కానీ గ్రిడ్డు మీదికి 8 వోల్టులు వచ్చిపడతాయి. ఈఎల్ 84 అదుపులో నడవడానికి ఎలక్ట్రాన్లను వదిలే కాథోడుకూ గ్రిడ్డుకూ మధ్య ఉండవలసిన తేడాయే సుమారు 7 వోల్టులు. ఆ అదుపు పోతే వాల్వులో కరెంటు ఇష్టం వచ్చినట్టు పారుతుంది, వాల్వు ప్లేటు ఎర్రబడుతుంది, రెక్టిఫయరు మీద భారం పడుతుంది, చివరికి వెంట్రుకంత సన్నని తీగతో చుట్టిన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. కొన్ని రూపాయల కెపాసిటరు వల్ల, మళ్ళీ దొరకని ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే ఈ ఊళ్ళో ఎన్నో సెట్లు బతుకుతాయి.

అందుచేత పని వరస ఇలా ఉండాలి. మొదట పెట్టె నుంచి ఛాసిస్‌ను జాగ్రత్తగా తీసి, ప్రతి కోణం నుంచి ఫొటోలు తీసుకోవాలి. దుమ్మును మెత్తని బ్రష్షుతో దులపాలి, నీళ్ళు వాడకూడదు. మెయిన్స్ వైరు రబ్బరు తొడుగు పొడిపొడి అయిపోయి ఉంటే కొత్తది వేయాలి. మల్టీమీటరుతో ట్రాన్స్‌ఫార్మరు చుట్లు, స్పీకరు కాయిలు తెగలేదని నిర్ధారించుకోవాలి. వెనక ఉన్న వోల్టేజీ సెలక్టరు ఎక్కడుందో చూసి, మన ఇళ్ళలో ఇప్పుడు వస్తున్న కరెంటుకు సరిపోయేలా 245 స్థానంలో పెట్టాలి. తర్వాత కాగితపు కెపాసిటర్లన్నిటినీ మార్చాలి. వాటి స్థానంలో 630 వోల్టుల పాలియెస్టరు కెపాసిటర్లు కోఠీ గుజరాతీ గల్లీలోనూ, చెన్నై రిచీ స్ట్రీటులోనూ సులభంగా దొరుకుతాయి. మెయిన్స్‌కు నేరుగా అడ్డంగా ఉన్నదానికి మాత్రం ఎక్స్2 తరగతి కెపాసిటరే వేయాలి. ఏసీ-డీసీ సెట్లలో ఏరియల్, ఎర్త్ సాకెట్ల దగ్గర ఉండేదానికి వై తరగతిదే వేయాలి, ఎందుకంటే అది షార్టయితే ఏరియల్ తీగ మీదే కరెంటు వస్తుంది. మైకా, సెరామిక్ కెపాసిటర్లను సాధారణంగా కదిలించనవసరం లేదు. కార్బన్ రెసిస్టర్లు కాలక్రమేణా విలువ పెరుగుతాయి. రాసి ఉన్నదానికంటే ఐదో వంతు మించి పెరిగినవాటినే మార్చితే చాలు.

ఇక్కడ సేకర్తల్లో ఒక అభిప్రాయభేదం ఉంది. పసుపుపచ్చని కొత్త కెపాసిటర్లు పాత ఛాసిస్ కింద కొట్టొచ్చినట్టు కనబడతాయి. కొందరు పాత కెపాసిటరును మెల్లగా వేడిచేసి, లోపలి చుట్టను బయటికి నెట్టి, ఆ ఖాళీ గొట్టంలో కొత్తదాన్ని పెట్టి, రెండు చివరలనూ మళ్ళీ మైనంతో మూస్తారు. పైకి చూస్తే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటుంది. ఓపిక కావలసిన పని. అరుదైన సెట్టుకు నేను కూడా అలాగే చేస్తాను. మామూలు ఇంటి సెట్టుకు అంత అవసరం లేదు. కానీ తీసిన పాత భాగాలను పారేయకుండా, ఒక కవర్లో పెట్టి, ఏది ఎక్కడిదో రాసి, పెట్టె లోపలే ఒక మూల ఉంచాలి. అదే విధంగా పెట్టె లోపలి గోడ మీద ఎప్పటిదో ఒక మెకానిక్కు పెన్సిలుతో రాసిన తేదీ, మార్చిన వాల్వు పేరు కనబడుతుంటాయి. పాలిష్ చేసే ఉత్సాహంలో వాటిని గీకేయవద్దు. ప్రతి ఊళ్ళోనూ ఒకప్పుడు రేడియో రిపేరు దుకాణం ఉండేది. ఆ దుకాణాల చరిత్రకు ఇప్పుడు మిగిలిన రాతలు చాలావరకు అవే.

హమ్, అంటే స్పీకరులో గుయ్యిమనే శబ్దం, రాకుండా చేసే పెద్ద ఎలక్ట్రొలిటిక్ కెపాసిటరు డబ్బాల విషయంలో రెండు మార్గాలున్నాయి. చాలాకాలం వాడకుండా పడి ఉన్నదానికి ఒక పెద్ద రెసిస్టరు ద్వారా తక్కువ కరెంటును గంటల తరబడి ఇస్తే లోపలి ఆక్సైడు పొర మళ్ళీ ఏర్పడి కొన్ని బాగుపడతాయి. కానివాటిని ఛాసిస్ మీదే వదిలి, కనెక్షను విప్పి, కింద కొత్తవి టంకం వేసుకోవాలి. విలువను మాత్రం ఎక్కువ పెంచకూడదు. ఈజెడ్ 80 వంటి రెక్టిఫయరు వాల్వు వెంట 50 మైక్రోఫారడ్ల కంటే పెద్దది పెడితే, ఆన్ చేసిన ప్రతిసారీ అది లాగే కరెంటుకు వాల్వు దెబ్బతింటుంది.

ఇవన్నీ అయ్యాకే కరెంటు. అదీ సీరీస్ ల్యాంపు ద్వారా. మెయిన్స్‌కూ రేడియోకూ మధ్య వరసలో ఒక 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెడతాం. బల్బు ఒక క్షణం వెలిగి తర్వాత మందగిస్తే సెట్టు సవ్యంగా ఉన్నట్టు. పూర్తిగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్టు ఉన్నట్టు, వెంటనే తీసేయాలి. సెట్టులో 250 వోల్టుల డీసీ ఉంటుందనీ, ప్లగ్గు తీసిన తర్వాత కూడా కెపాసిటర్లలో ఆ చార్జి నిలిచి ఉండవచ్చనీ మరవకూడదు. వాటిని ఒక రెసిస్టరు ద్వారా ఖాళీచేసి, మీటరుతో కొలిచి చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. కరెంటు ఉండగా కొలతలు తీసుకోవలసి వస్తే ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఒక్క చేత్తోనే పని చేయాలి. కాళ్ళకు చెప్పులు ఉండాలి. పక్కన ఇంకొకరు ఉండాలి. విద్యుత్తు పనితో పరిచయం లేనివారు ఈ దశను తెలిసినవారికే అప్పగించాలి.

వాల్వుల గురించి జనంలో లేనిపోని భయం ఉంది. నిజానికి సెట్టులో ఎక్కువకాలం మన్నేవి అవే. వాల్వు గాజు పైభాగంలో లోపలివైపు అద్దంలా మెరిసే వెండిపూత కనబడుతుంది. అది బేరియం. వాల్వును మూసివేసిన తర్వాత మిగిలిన గాలి అణువులను పీల్చుకోవడానికి పెట్టినది. ఆ పూత మెరుస్తూ ఉంటే లోపల శూన్యం భద్రంగా ఉన్నట్టు. పాలలా తెల్లబడితే గాజుకు పగులు వచ్చి గాలి చొరబడినట్టు, ఆ వాల్వు పని అయిపోయినట్టే. కొనేటప్పుడు దీన్ని కంటితోనే చూసుకోవచ్చు. గాజు మీద ముద్రించిన పేరును మాత్రం తడిగుడ్డతో తుడవకండి, అది వేలితో రుద్దినా పోతుంది. ఈఎల్ 84ను గిటారు యాంప్లిఫయర్ల కోసం ఇప్పటికీ యూరప్‌లో తయారుచేస్తున్నారు. ఈసీహెచ్ 81 వంటివి కొత్తగా తయారుకావడం లేదు కానీ, ఆనాటి వాడని నిల్వలు దొరుకుతూనే ఉన్నాయి. కష్టమైనది మ్యాజిక్ ఐ ఒక్కటే. స్టేషన్ సరిగ్గా కుదిరినప్పుడు రెండు ఆకుపచ్చని రెక్కలు దగ్గరికి జరిగి ముల్లు సరైన చోట ఉందని చెప్పే ఆ వాల్వులో, తెర మీది పూత వాడినకొద్దీ వెలుగు కోల్పోతుంది. దాన్ని బాగుచేయడం కుదరదు. ఈఎమ్ 80కి బదులుగా సోవియట్ కాలపు 6ఈ1పి అదే సాకెట్లో సరిపోతుంది.

పెట్టె విషయానికి వస్తే, టేకు వెనీరు వేసిన పెట్టెలకు లక్కరేకులను స్పిరిట్‌లో కరిగించి చేసే ఫ్రెంచ్ పాలిష్ పలుచగా, అనేక పూతలుగా వేయడమే ఉత్తమం. ఆధునిక మెలమైన్ పూతలు గాజు తొడుగులా మెరుస్తాయి, కానీ ఆనాటి చెక్కకు అతకవు. బేకలైటు పెట్టెలను నీళ్ళలో నానబెట్టకూడదు. మెత్తని మెటల్ పాలిష్‌తో రుద్దితే నల్లని, చాక్లెట్ రంగు మెరుపు తిరిగి వస్తుంది.

డయల్ గాజు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సిలోన్, ఢిల్లీ, మద్రాసు, బొంబాయి అని ఊళ్ళ పేర్లు వరసగా ఉండే ఆ గాజు మీద అక్షరాలు ముందువైపు ఉండవు. వెనకవైపు పలుచని రంగుతో అచ్చువేసి ఉంటాయి. ఏళ్ళ తరబడి వాల్వుల వేడికి, తేమకు ఆ రంగు గాజును వదిలి పొరలా లేచి ఉంటుంది. ముందువైపు ఎంతైనా తుడవండి. వెనకవైపు తడిగుడ్డ ఒక్కసారి తగిలిందంటే పేర్లన్నీ గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి, మిగిలేది ఉత్త గాజు. పొడి మెత్తని బ్రష్షుతో దుమ్మును ఊదినట్టుగా తొలగించడం తప్ప వెనకవైపు మరేమీ చేయకూడదు. ముల్లును లాగే దారం తెగి ఉంటే, మిగిలిన ముక్క ఏ చక్రం మీద ఎన్ని చుట్లు తిరిగి వెళ్ళిందో ముందు బొమ్మ గీసుకుని, సాగని అల్లిక దారంతో, స్ప్రింగు బిగువు చూసుకుంటూ మళ్ళీ కట్టాలి. గ్యాంగ్ కండెన్సరు ఇరుసు దగ్గర గడ్డకట్టిన పాత గ్రీజును తీయకుండా కట్టిన దారం మళ్ళీ తెగుతుంది.

ఇంత చేశాక వినడానికి ఏముంది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మీడియం వేవ్ ప్రసారాలు తగ్గాయి, ఆకాశవాణి షార్ట్ వేవ్ ప్రసారాలు బాగా కుదించుకుపోయాయి. ఉన్నవాటిని కూడా మన ఇళ్ళలోని ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్లు పుట్టించే గరగర మింగేస్తోంది. ఒకప్పుడు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన రాగి జాలీ ఏరియల్ సరిపోయేది. ఇప్పుడు ఏరియల్‌ను మేడ మీద, ఇంటి వైర్లకు దూరంగా కట్టి, విడిగా మంచి ఎర్త్ ఇస్తేనే పగటిపూట స్పష్టంగా వినబడుతుంది. రాత్రి పూట మీడియం వేవ్ తరంగాలు ఆకాశంలోని అయనోస్ఫియరు నుంచి వెనక్కి మళ్ళుతాయి కనుక దూరపు స్టేషన్లు వాటంతట అవే వస్తాయి. ఇంట్లోని బల్బులూ చార్జర్లూ ఒక్కొక్కటే ఆర్పి చూస్తే గరగర ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిపోతుంది.

మరొక మార్గం కూడా ఉంది. చాలా సెట్ల వెనక గ్రామఫోను పికప్ కోసం ఒక సాకెట్ ఉంటుంది. బ్యాండ్ స్విచ్చును ఆ స్థానానికి తిప్పి, ఫోను నుంచి వచ్చే తీగను అక్కడ కలిపితే, ఆనాటి రికార్డులను ఆ కాలపు వాల్వుల మీద, ఆ పెట్టెకోసమే చేసిన స్పీకరులో వినవచ్చు. బ్లూటూత్ కావాలనుకునేవారు చిన్న రిసీవరును బయట పెట్టి ఇక్కడ కలుపుకోవచ్చు, లోపల ఒక్క తీగ కూడా తెంపనవసరం లేదు. ఇది ట్రాన్స్‌ఫార్మరు ఉన్న ఏసీ సెట్లకు మాత్రమే. ఏసీ-డీసీ సెట్టుకు ఫోనును కలిపితే మెయిన్స్ కరెంటు చేతిలోకి వచ్చే ప్రమాదం ఉంది.

చివరగా కాగితాలు. సెట్టుతో పాటు పోస్టాఫీసు లైసెన్సు పుస్తకం, కొన్న బిల్లు, వెనక మూత లోపల అంటించిన వాల్వుల పటం దొరికితే వాటిని రేడియోతోనే ఉంచండి. విడగొట్టి విడిగా అమ్మవద్దు. ఏ ఇంట్లో, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం నుంచి ఆ సెట్టు పలికిందో చెప్పేవి అవే. ఇంట్లో పెద్దవారు ఉంటే అది ఎప్పుడు కొన్నారో, ఏ గదిలో ఉండేదో అడిగి రాసి, ఆ కాగితాన్ని కూడా పెట్టెలో వేయండి.

మీలో కొందరు మీ ఇళ్ళ నుంచి సెట్లు తెచ్చి ఆ పక్కబల్ల మీద పెట్టారు, సంతోషం. దయచేసి వాటి ప్లగ్గులు ఎవరూ గోడకు పెట్టవద్దు. ఒక్కొక్కటిగా వెనక మూత తీసి, అది ఏసీ సెట్టో ఏసీ-డీసీ సెట్టో వాల్వుల పేర్లను బట్టి ముందు మీరే చెప్పండి. కప్లింగ్ కెపాసిటరు ఎక్కడుందో నేను చూపిస్తాను.